మూడో చాంబరు పండగ

ఏటుకూరు రోడ్డులో ఒక మంచుకొండ ఉంది.
నమ్మరు గానీ, ఉంది.
బయటికి రేకుల షెడ్డు,
లోపల అయిదంతస్తుల చలి.
ఫాల్గుణంలో ఎక్కించిన తేజ బస్తాలు
మార్గశిరం నాటికి దిగిపోతాయి.
ఇక మిగిలేది అమోనియా వాసన,
పైపుల మీద జానెడు మందాన మంచు.

కొత్త సరుకు రాకముందే దాన్ని గీకెయ్యాలి.
రోజుకి మూడొందల యాభై,
స్వెట్టరు ఎవరిది వాళ్ళదే.

మేం ముచ్చికలు తీసేవాళ్ళం.
పది నెలలు కాయ గిల్లితే
చెయ్యి చెయ్యిలా ఉండదు.
అన్నం కలిపితే అన్నం మండుద్ది,
బిడ్డ మొహం తుడిస్తే బిడ్డ కేరుమంటాడు.
ఏడుపొచ్చినా సరే
మోచేత్తోనే తుడుచుకుంటాం.

గేటు కాడ వాచ్‌మన్ తిలక్ రోకా, నేపాలువాడు.
మా నోళ్ళలో పడి రోకలి అయ్యాడు.
"రోకలీ, మీ ఊళ్ళో ఇంత మంచుంటే
ఏం చేసుకుంటారయ్యా?" అంది దీనమ్మ
పారకి చెయ్యి ఆనించి.
అతను బీడీ ఆర్పాడు.
కాసేపు తలుపు వంక చూశాడు.

"చలి ముదిరిన రోజున మాకు పండగ.
అప్పిచ్చినోడూ తీసుకున్నోడూ
ఎదురెదురు కూర్చుని
మంచులో చేతులు పెడతారు.
తీసుకున్నోడు ముందు తీస్తే వడ్డీ రెట్టింపు.
ఇచ్చినోడు ముందు తీస్తే
ఆ ఏటి వడ్డీ మంచులో కలిసినట్టే.
ఊరంతా చుట్టూ చేరి డబ్బాలు కొడతారు."

నవ్వాం.
నవ్వి నవ్వి, నవ్వు అయిపోయాక
అందరం మేస్త్రి అంకారావు వైపు చూశాం.
నూటికి అయిదు. మా పదకొండు మందికీ అతనే.

పౌరుషం గల మనిషి.
మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని
"రండే, చూస్తా" అన్నాడు.

నులకమంచమంత పొడవున మంచు పోశాం.
అటు అతనొక్కడు, ఇటు మేం.
సైదాబీ కొడుకు ఖాళీ నూనె డబ్బా మీద దరువేశాడు,
గోడవతల కంప్రెసరు వంత పాడింది.

ఏం చెప్పను!
మణికట్టు దాకా దించగానే
లోపలెక్కడో ఒక పొయ్యి
చుయ్యిమని ఆరింది.
పది నెలల మంట
గోరు గోరుకీ సెలవు చెప్పుకుంటూ పోయింది.
దీనమ్మ కళ్ళు మూసుకుంది.
"పురిటి స్నానం తర్వాత ఇదేనే సుఖం" అంది సైదాబీ.
పందెం సంగతి మాకు గుర్తే లేదు.

మేస్త్రికి గుర్తుంది.
ఆయనవి కాయ ముట్టిన చేతులు కావు,
కాటా చీటీలు రాసిన చేతులు.
ముందు నవ్వాడు, తర్వాత పళ్ళు కొరికాడు,
తర్వాత ఇంటి దేవుణ్ణి, ఆపైన రోకలినీ తిట్టాడు.
పిల్లాడు నూట తొంభై లెక్కపెట్టేసరికి
లేచి చేతులు చంకల్లో దాచుకున్నాడు.

మేం తియ్యలేదు.
గెలిచారే అన్నా తియ్యలేదు.
"చాలక్కా, వేళ్ళు చచ్చిపోతాయి" అని
రోకలి వచ్చి బతిమాలితే తీశాం.

వడ్డీ అంతా పోలేదు లెండి.
రెండు నెలలది కొట్టేశాడు.
మూడో నెలది మర్చిపోయినట్టు నటించి
కోతలయ్యాక గుర్తు తెచ్చుకున్నాడు.

మరుసటేడు రోకలి రాలేదు.
గేటుకి వాళ్ళ తమ్ముడొచ్చాడు.
మీ ఊరి మంచు పండగ సంగతి చెప్పవయ్యా అంటే
బుర్ర గోక్కున్నాడు.
"మాది కింద ఊరు దీదీ, వరి పండుద్ది.
మంచంటూ నేను చూసింది
ఇదిగో, ఈ మూడో చాంబర్లోనే."

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
పారల చప్పుడు మాత్రం ఆగలేదు.
గీకిన కుప్ప మీద
మా చీరల్లోంచి రాలిన కారం పడి
మంచు అక్కడక్కడా ఎర్రబడుతోంది.
సైదాబీ కొడుకు వేలితో తీసి నాకి
నాలుక బయటపెట్టి గంతులేస్తున్నాడు,
చల్లగా ఉందో మండుతోందో
వాడికే తెలియడం లేదు.

దీనమ్మ కుచ్చెళ్ళు దోపుకుని
కుప్ప ముందు చతికిలబడింది.
"మేస్త్రీని పిలవండే" అంది.